కొండ ఊరా, ఏటి ఊరా

మనిషి చెప్పిన వయసులోంచి ఒకటి తీసెయ్యాలి. ముప్పై ఏళ్లుగా నా పని ఈ సూత్రం మీదే నడుస్తోంది. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే ఒక సందులో, మెట్ల కింద గదిలో, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, మూడు కుర్చీలు వేసుకుని కూర్చుంటాను. కోర్టులకూ ఆఫీసులకూ కావలసిన కాగితాలు టైపు చేస్తాను. వాటిలో సగం వంశవృక్షాలే. తాత ఎవరు, ఆయనకు ఎంతమంది పిల్లలు, వాళ్లలో ఎవరున్నారు, ఎవరు పోయారు, పోయేనాటికి వయసెంత. బతికున్నవాళ్లకు కార్డులుంటాయి. పోయినవాళ్ల వయసు ఇంటివాళ్ల నోటి నుంచే రావాలి. "మా బాపుకు అరవై నాలుగు నడుస్తుండె" అంటారు మెదక్ నుంచి వచ్చినవాళ్లు. అంటే నిండినవి అరవై మూడు. కొందరు "నడుస్తుండె" అని కూడా అనరు, ఉత్త అరవై నాలుగు అంటారు. అర్థం మాత్రం అదే. ఒకటి తీసేసి పుట్టిన ఏడు కడతాను. ఎప్పుడైనా పాత బడి కాగితమొకటి బయటపడితే నా లెక్కే సరిపోయేది.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. తేదీ చెబితే వారం చెబుతాను. ఈ చుట్టుపక్కల నన్ను లెక్కల సాబ్ అంటారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం. అది ఎంత ఇష్టమో ముందే చెప్పకపోతే, తర్వాత నేను చేసిన పని ఎందుకు చేశానో ఎవరికీ అర్థం కాదు.

రెండేళ్ల కిందట ఒక వేసవి మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. అబిడ్స్‌లోనే పుట్టి, అక్కడే ఒక బడిలో ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ఆవిడ. పెళ్లి చేసుకోలేదు. మోకాళ్ల దాకా గౌను, చేతిలో గొడుగు, మాట మాత్రం అచ్చం మా అందరి మాటే. ఏదో అఫిడవిట్ కోసం వచ్చి, గోడ మీద నేను అంటించిన వంశవృక్షం నమూనా చూసి ఆగిపోయింది.

"గీ చెట్లు నువ్వే ఏస్తవా?"

"నేనే టీచరమ్మా. ఏడు తరాల దాకా వేశాను."

"మరి మాది ఏస్తవా? మాకు చెట్టున్నది గని ఏర్లు లేవు."

ఆమె ముత్తాత ఐర్లండ్ మనిషి. సైన్యంలో చేరి సికింద్రాబాద్ వచ్చాడు. సైన్యం వదిలాక రైళ్లలో గార్డుగా చేరి, నాంపల్లిలో కాపురం పెట్టి, ఇక్కడే పోయాడు. చర్చి పుస్తకాల్లోంచి ఆమె రెండు పద్దులు రాసుకొచ్చింది. పెళ్లినాడు వయసు ఇరవై ఎనిమిది, తండ్రి పేరు ఇది, క్లేర్ అనే జిల్లా వాడు. ఖననం నాడు వయసు యాభై ఏడు. పెళ్లికీ చావుకీ మధ్య సరిగ్గా ఇరవై తొమ్మిదేళ్లు. రెండు పద్దులూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. అంత శుభ్రమైన లెక్క నా గదిలోకి రావడం అరుదు.

"జిల్లా తెలుసు కదా. ఇంకేం కావాలి?" అన్నాను.

"ఊరు కావాలె." గొడుగు నేలకు ఆనించి కూర్చుంది. "చిన్నప్పటి సంది అందరు అడిగిన్రు, మీదే ఊరని. అబిడ్స్ అంటే నవ్వుతరు. గట్ల కాదు, అసల్ ఊరేదంటరు. కిరాణా దుకాణాయన అడుగుతడు, ఆటో ఆయన అడుగుతడు. డెబ్బై ఏడేండ్లు జవాబు లేకుండ బతికిన. మా ఇంట్ల ఇగ నేనే ఆఖరు. మా ముత్తాత సమాధి మీద రాతలు పెచ్చులూడినయి. కొత్త పలక ఏపిస్త, దాని మీద ఊరి పేరు చెక్కిస్త. నేను పోయేలోపు గది చూడాలె."

ఒప్పుకున్నాను. ఐర్లండ్ చర్చిల పాత బాప్తిస్మ పుస్తకాలు ఇంటర్నెట్‌లో పేజీ పేజీగా ఫొటోలు తీసి పెట్టారు. ఎవరైనా చూడొచ్చు. రాత లాటిన్‌లో ఉంటుంది, సిరా కారిపోయి ఉంటుంది. అయినా పేర్లూ అంకెలూ కొన్నాళ్లకు కళ్లకు అలవాటయ్యాయి. ఆగస్టులో మొదలుపెట్టి, గిరాకీ లేని వేళల్లో రోజుకు పదిహేను పేజీల చొప్పున చూసుకుంటూ పోయాను. అలా పద్నాలుగు నెలలు.

చూస్తున్నకొద్దీ నాలో ఒకటి మొదలైంది. మొదట దాన్ని శ్రద్ధ అనుకున్నాను. అది అసూయ. ఆ పుస్తకాల్లో ఉన్నవాళ్లు జమీందార్లు కారు. ఒకరి పొలంలో కూలికి బంగాళాదుంపలు తవ్వుకున్నవాళ్లు. అలాంటి కూలివాడికి పిల్లవాడు పుడితే రెండు మూడు రోజుల్లో ఎవరో ఒక ఫాదరు కలం పట్టుకుని, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరుతో సహా రాసి, సాక్షులిద్దరి పేర్లూ రాసిపెట్టాడు. మా తాత కూడా కూలివాడే. ఆయన తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా బాపు పుట్టినరోజు బడిలో పంతులు వేసింది. ఆ ఏడు చేరిన పిల్లలందరికీ జూన్ ఒకటే వేశాడు. ఊళ్లోవాళ్ల వంశాలన్నీ ఏడు తరాలు కట్టినవాణ్ని, నా చెట్టు మూడో కొమ్మ దగ్గర ఆగిపోయింది. టీచరమ్మకు పేర్లున్నాయి, ఊరు లేదు. నాకు ఊరుంది, పేర్లు లేవు. ఆమెకు లేనిది వెతికితే దొరికేది. నాకు లేనిది ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఒకనాడు అన్నం తింటూ ఈ మాట ఇంట్లో అన్నాను. మా ఆవిడ చేతిలో గరిటె ఆపి నా వైపు చూసింది.

"పక్కింటోని కారు జూసి ఏడ్సెటోళ్లను జూసిన. సచ్చి నూరేండ్లయినోని మీద కుళ్లుకునేటోన్ని నిన్నే జూస్తున్న. ఏందయ్యా నీ ఫికరు?"

"కుళ్లు కాదు."

"ఔ, లెక్క. తిను, సల్లారిపోతది."

పద్నాలుగో నెలలో ఇద్దరు దొరికారు. ఇద్దరికీ అదే పేరు, తండ్రికీ అదే పేరు. అక్కడా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది కాబట్టి నాలుగైదు పేర్లే జిల్లా అంతా తిరుగుతుంటాయి. ఒకడు ఏటి పక్కన ఉన్న ఊరివాడు. రెండోవాడు కొండ దగ్గరి ఊరివాడు, పదమూడు నెలలు చిన్న. గార్డు పోయిన తేదీకి లెక్క కట్టాను. ఏటి ఊరివాడికైతే యాభై ఏడేళ్ల మూడు నెలలు. కొండ ఊరివాడికైతే యాభై ఆరేళ్ల రెండు నెలలు.

ఇక్కడే నా సూత్రం వాడాను. పుస్తకంలో యాభై ఏడని ఉంది. అంటే యాభై ఏడు నడుస్తోంది, నిండినవి యాభై ఆరు. కొండ ఊరు. పెళ్లినాటి వయసుతోనూ సరిచూశాను. ఇరవై ఎనిమిది నడుస్తోంది, నిండినవి ఇరవై ఏడు. మళ్లీ కొండ ఊరే. తల్లుల పేర్లు వేరువేరుగా ఉన్నాయి. కానీ ఇక్కడి పెళ్లి పద్దులో తల్లి పేరు లేదు, పోల్చడానికి ఏమీ లేదని వదిలేశాను.

టీచరమ్మకు చెప్పిన సాయంత్రం ఆమె నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి సీతాఫలం ఐస్‌క్రీం తినిపించింది. ఊరి పేరు నాలుగుసార్లు పలికించుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న తెలియని మనిషి వైపు తిరిగి, "మాది గా ఊరు" అంది. ఆయన తలూపి తన ఐస్‌క్రీం తను తిన్నాడు. ఆమె మాత్రం మురిసిపోయింది. "లెక్కల సాబ్ అంటే లెక్కల సాబే. నీ అసుంటోడు ఇంకోడు లేడు పో." ఆ మాట నేను ఇంటికి చేరేదాకా నాతోపాటు వచ్చింది.

మర్నాడు ఆమె రాళ్లు చెక్కే మేస్త్రీకి నల్లరాతి పలక పురమాయించింది. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు వాళ్లంతా సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అప్పటికి పలక నిలబడాలి. నెల రోజులుంది.

ఆ పని అక్కడితో వదిలేస్తే ఎలా ఉండేదో. నేను క్లేర్ జిల్లాలో పాత వంశాల సంగతులు చూసే ఒక చిన్న బృందానికి, టీచరమ్మ వాళ్ల చెట్టు జతచేసి, ఈమెయిలులో ఉత్తరం రాశాను. సరిచూడమని రాసినట్టే రాశాను. నిజానికి పొగుడుతారని రాశాను. హైదరాబాదులో కూర్చుని, ఆ దేశం ముఖం చూడనివాడు, రెండు వయసులతో ఊరు పట్టుకున్నాడని వాళ్లలో వాళ్లు చెప్పుకోవాలని నా ఆశ.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రాసింది ఒక స్త్రీ, తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని చెప్పుకుంది. మీరు చాలా కష్టపడ్డారు, కానీ మనిషి ఇతను కాదనుకుంటాను అని మొదలుపెట్టింది. కొండ ఊరివాడు పెద్దయ్యాక ఆ కొండ ఊరి చర్చిలోనే పెళ్లాడాడు, ఆ పద్దు ఫలానా పేజీలో ఉంది, మీ గార్డుకు సికింద్రాబాదులో మొదటి బిడ్డ పుట్టిన ఏడాదే అది, ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు కదా అని రాసింది. మీరు పంపిన చెట్టులో గార్డు రెండో కూతురి పేరు చూశారా, అది ఏటి ఊరి తల్లి పేరే, మా దగ్గర రెండో ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెడతారు అని కూడా రాసింది. చివర ఒక నవ్వు బొమ్మ.

ఆ పేజీ తెరిచి చూశాను. ఉంది. పుట్టుక దొరికాక నేను ఆగిపోయాను. ఆమె పెళ్లి దాకా చూసింది. నా పద్నాలుగు నెలలకు ఆమె రెండు రోజులు. అందులో ఒకరోజు ఆదివారం.

ఉత్తరం ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. టీచరమ్మకు ఈమెయిలు లేదు. నేను చెబితే తప్ప ఆ ఉత్తరం ఈ ఊళ్లో లేనట్టే.

మొదటి మూడు రోజులు ఐర్లండ్ ఆమె చెప్పింది తప్పని నిరూపించడానికి పనిచేశాను. అదే కుటుంబంలో అదే పేరుతో చిన్నాన్న కొడుకొకడు ఉండి, పెళ్లాడింది వాడేమోనని వెతికాను. లేడు. నాలుగో రోజు ఆమె మీద కోపం వచ్చింది. ఆమె ఊరది, ఆమె భాష అది, చిన్నప్పటి నుంచి ఆ పేర్ల మధ్య తిరిగింది. ఆమెకు రెండు రోజులు పట్టడం గొప్పా? మెదక్ వంశం ఒకటి ఆమె ముందు పెడితే ఏం చేస్తుందో చూడాలని మనసులో పందెం కట్టాను. ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఉత్తరంలో ఉన్నది మొత్తం తెలుగులో చెప్పించుకుని వింది.

"మీ చెల్లెకు ఎవరి పేరు పెట్టిన్రు?"

మా చెల్లెలిది మా నాయనమ్మ పేరు.

"గింత ముచ్చట గాడామెకు ఎరుకైంది, నీకు ఎరుక లేదా? పొయ్యి చెప్పు టీచరమ్మకు. ఉత్తరం జేబుల పెట్టుకోని తిరుగుతున్నవు, తాళంచెవి లెక్క."

వెళ్లలేదు. ఏడో రోజు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే స్పష్టంగా తెలియదు. ఇంకా మొదలుపెట్టకపోతే బాగుండుననీ అనుకున్నాను, చెక్కేసి ఉంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరనీ అనుకున్నాను. పలక నున్నగా చేసి పెట్టాడు. దాని మీద తెల్ల పెన్సిలుతో అక్షరాలు గీశాడు. కొండ ఊరి పేరు అడుగు పంక్తిలో, కొలిచినట్టు మధ్యలో ఉంది.

"మీరేనా లెక్కల సాబ్? టీచరమ్మ రోజు ఫోన్ చేస్తది సాబ్. పేరు జర పెద్దగ రాయి, దూరంకెళ్లి కనవడాలె అంటది. ఎల్లుండి ఉలి పెడ్త. ఒక్కసారి పెట్టిన్నంటే తుడిచెటట్టు ఉండదు, జూస్కోండ్రి. స్పెల్లింగు కరెక్టేనా?"

"స్పెల్లింగు కరెక్టే," అన్నాను. అది అబద్ధం కాదు. అలా అని నాకు నేను చెప్పుకుంటూ స్టేషన్ దాకా నడిచాను.

తొమ్మిదో రోజు టీచరమ్మే నా గదికి వచ్చింది. ఇవాళ సాయంత్రం మేస్త్రీ మొదలుపెడుతున్నాడు, చివరిసారి పలక మీది మాటలన్నీ టైపు చేసి ఇవ్వు, చూసుకుంటానంది. అప్పుడు గదిలో నల్గొండ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా ఉన్నాడు, తన అన్న వంశవృక్షం కోసం కూర్చుని. అతను ఆమెను పలకరించాడు.

"ఎన్నేండ్లుంటయమ్మా మీకు?"

"డెబ్బై ఎనిమిది. డిసెంబర్ల కేకు కోసినంక డెబ్బై తొమ్మిది."

"అంటే డెబ్బై తొమ్మిది నడుస్తున్నయి."

"నడుసుడేందయ్యా? నిండకముందే ఎట్ల చెప్పుకుంట? మా ఇంట్ల అట్ల చెప్తే మా అమ్మ మూతి మీద కొడ్తుండె. పుట్టినరోజు రాకముందు పెద్దగైనవా అని."

కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. ఆమె నాకు పరిచయమై ఏడాదిన్నర. ఆమె వయసు నేను ఒక్కసారి కూడా ఆమె నోటి నుంచి వినిపించుకోలేదు. మొదటి రోజే డెబ్బై ఏడేళ్లు అంది. నేను అలవాటుగా డెబ్బై ఆరని వేసుకున్నాను. వాళ్ల ఇంట్లో నిండినవే వయసు. గార్డు పోయినప్పుడు ఫాదరుకు వయసు చెప్పింది ఆ ఇంటివాళ్లే. యాభై ఏడంటే నిండిన యాభై ఏడు, పైన మూడు నెలలు. మెదక్ లెక్కను నేను ఐర్లండ్ మనిషి మీద వేశాను. అవతలి దేశపు ఆమె ఏ సాక్ష్యమూ చెప్పకపోయినా, నా అంకెలే ఏటి ఊరంటున్నాయి. మొదటి రోజు నుంచీ అంటున్నాయి.

ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాను. తొమ్మిది రోజుల చెమటకు మడతల దగ్గర మెత్తబడింది. ఆమె అద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. పైన ఉన్న తేదీ దగ్గర వేలు పెట్టింది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది దినాలు జేబుల పెట్టుకోని తిరిగినవా?"

"ఔ."

"ఎందుకు?"

సాకులు రెండు మూడు సిద్ధంగా ఉన్నాయి. సరిచూస్తున్నాను అనొచ్చు. అదీ మూడు రోజుల వరకు నిజమే. "నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆమె రెండు రోజుల్లో చేసింది," అన్నాను.

నల్గొండ పెద్దమనిషి నాలుక కరుచుకున్నాడు. టీచరమ్మ అద్దాలు తీసింది.

"ముప్పై ఎనిమిదేండ్లు పిల్లలకు పాఠం చెప్పిన. లెక్క తప్పినోళ్లను చాన మందిని చూసిన. గంతకంటే ఏం గాదు, ఇంకోసారి చేస్తరు. లెక్క తప్పిందని ఎరికై దాచిపెట్టినోన్ని గిప్పుడు చూస్తున్న. గా రాయి మీద వేరేటోని ఊరు పెట్టుకోని నేను పోతుంటి. నాకెవరు చెప్తుండె?"

ఆమె అక్కడే కూర్చుని మేస్త్రీకి ఫోన్ చేసింది. "ఉలి పెట్టకు. తుడువు. కొత్త పేరు పంపిస్త," అని చెప్పి, ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచీ చదివింది. ఈసారి ముఖం మారింది. ఏటి ఊరి పేరు దగ్గర పెదవులు కదిపింది. "రెండో బిడ్డకు నాయనమ్మ పేరు. ఎంత తెలివి చూడు. ఎవరీమె? తపాలా ఆఫీసుల చేసిందంట. బంగారు తల్లి." నాకు వినబడాలని అనలేదు. ఆ సంతోషంలో నేను గదిలో ఉన్నానన్న సంగతే ఆమెకు గుర్తులేదు. తిట్టినప్పటికంటే అప్పుడు ఎక్కువ కాలింది.

"ఆమెకు జవాబు రాయి," అంది. "నేను చెప్త, నువ్వు కొట్టు."

కొట్టాను. మీరు నాకు ఊరిచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లుగా నన్నడిగిన ప్రశ్నకు మీ వల్ల జవాబు వచ్చింది. మీలాంటివాళ్లు ఇంకొకరు ఉండరు. ఆ వాక్యం దగ్గర నా వేళ్లు నెమ్మదించాయి. ఆమె కనిపెట్టింది. "ఏమైంది, కరెంటు పోయిందా?" అంది. కొట్టాను.

"ఇగో, ఇది గుడ రాయి. ఇక్కడ మా లెక్కల సాబ్ పద్నాలుగు నెలలు పుస్తకాలన్ని చూసి మీ జిల్లాల ఇద్దరిని పట్టిండు, అందుల ఒకడు అసలోడే. ఒక ఏడాది తప్పిండు."

"తొమ్మిది రోజుల సంగతి?"

"అది మన ఇంటి ముచ్చట. రాయకు."

నల్గొండ పెద్దమనిషికి నా మీద జాలి కలిగినట్టుంది. "గాడామె హుషారే గని, మన దిక్కు గింత దూరంకెళ్లి గంత పట్టుడు గుడ మామూలు కాదు సాబ్," అన్నాడు. తర్వాత తన అన్న పోయేనాటికి వయసు అరవై ఆరన్నాడు. నిండినవా, నడుస్తున్నవా అని అడిగాను. ముప్పై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. అతను వింతగా చూసి, కాసేపు ఆలోచించి, "నడుస్తున్నవే" అన్నాడు.

పలక పండుగకు రెండు రోజుల ముందే నిలబడింది. ఏటి ఊరి పేరు పెద్ద అక్షరాల్లో, మట్టి బాట మీదికే కనబడేలా ఉంది. పండుగనాడు టీచరమ్మ రమ్మంటే వెళ్లి, ఫాదరు గార్డు పేరు పైకి చదివాక ఫోనుతో పలక ఫొటో తీసి ఐర్లండ్ పంపాను. జవాబు రెండో రోజు పొద్దున్నే వచ్చింది. రాకపోతే బాగుండునని ఒకటిన్నర రోజు అనుకున్నాను. టీచరమ్మ పేరు మీదే, నాకొక దండం కూడా లేకుండా, ఐర్లండ్ ఆమె ఇలా రాసింది. ఏటి ఊరి చర్చిలో ఆదివారం పూజలో ఆ గార్డు పేరు చదివారు. ఆ ఇంటి పేరువాళ్లు ముగ్గురు ఇంకా అక్కడే ఉన్నారు. ఇండియాలో ఒక అక్క ఉందని విని ఒకాయన ఏడ్చాడు.

కూలివాడి కొడుకు. పోయి నూట ముప్పై ఏళ్లు కావస్తోంది. ఒకే వారంలో రెండు దేశాల్లో అతని పేరు పైకి చదివారు. మా తాత తండ్రిని ఒక్కసారి పిలవడానికి నాకు పేరే లేదు.

ఆ ఉత్తరం ప్రింటు తీసి, మడవకుండా చేతిలోనే పట్టుకుని, అప్పటికప్పుడు అబిడ్స్ నడిచాను. టీచరమ్మ అద్దాలు రిపేరుకు ఇచ్చిందట. నువ్వే చదువు అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, టీచరమ్మను పొగిడినవీ అవతలి ఆమె తన గురించి చెప్పుకున్నవీ అన్నీ, ఒక్క పంక్తి వదలకుండా చదివి వినిపించాను.